శెనిగనూనె పోసిన పంపు

"తాతా, ఊరందరి ఫ్రిజ్జులూ బాగుచేసినోడివి, మనింట్లో ఒకటి పెట్టనియ్యవెందుకు?"

అడిగితివా! మీ అమ్మ అడగమనిందా? లేదా? సరే, ఆ తలుపు దగ్గరికేసి ఇట్ల కూచో. మీ అమ్మ అంగడి నుంచి వచ్చేలోపల జెప్తా. వచ్చిందంటే నా నోరు పడిపోతాది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేండ్లాయ. అప్పుడు మన ప్రొద్దుటూర్లో ఫ్రిజ్జంటే ఆసుపత్రుల్లో, ఒకరిద్దరు బంగారంగళ్ళోళ్ళ ఇండ్లల్లో, అంతే. బాగుచేసేటోన్ని నేనొక్కన్నే. మద్రాసులో పని నేర్చుకోని, పాత పంపొకటి కొనుక్కోని వస్తి. నీళ్ళ పంపు కాదు మే. ఫ్రిజ్జు గొట్టాల్లో ఉండే గాలి, తేమ అంతా పీల్చేసే పంపు. ముందు ఖాళీ చేసి, ఆనక సల్లబరిచే గ్యాసు ఎక్కియ్యాల. సుక్క తేమ మిగిలినా, లోపల వెంట్రుకంత సన్న గొట్టం ఉంటాది కదా, దాంట్లో గడ్డకట్టి దారి మూసేస్తాది. అందుకే మధ్యలో ఒక రాగి బుడ్డి పెడతాం, దాని నిండా నీలం గింజలు. మిగిలిన తేమను అవి పట్టుకుంటాయి. నిండినాయంటే గులాబీ రంగుకు తిరుగుతాయి. మీ అవ్వ రొట్టెల పెనం మింద ఏంచితే మళ్ళా నీలమయ్యేటివి. ఆ పెనం కోసరం శానా తిట్టేది నన్ను.

యాడుంటి? ఆ, నూనె. ఆ పంపు లోపల దానికనే చేసిన వేరే నూనె పొయ్యాల. అది మద్రాసు నుంచి లారీలో రావాల, దుడ్లు శానా అయితాయి.

జమ్మలమడుగులో ఒక డాక్టరమ్మ చిన్న ఆసుపత్రి పెట్టుకోనుండ్య. పాముకాటు మందు పెట్టే ఫ్రిజ్జు ఆగిపాయనని మనిషిని పంపించె. నా పంపులో నూనె చూస్తే తేమ తాగి మజ్జిగ మాదిరి తెల్లగా ఉంది. కొత్తది వారం దాకా రాదు. ఎండాకాలం, మందు పాడైతాదని ఆయమ్మ తొందర. నేనేం జేస్తి? ప్రొద్దుటూరోన్ని కదా, ఏ వీధిలో చూసినా నూనె మిల్లే. దీపానికీ శెనిగనూనె, తలకూ అదే, బండి ఇరుసుకూ అదే. మీ అవ్వ మూకుట్లో పోసి కాంచితి. చిటపట ఆగిందాకా కాంచితే నీళ్ళు పోయినట్లేనని మన ఇండ్లల్లో అందరికీ తెలిసిందే కదా. సల్లార్చి, గుడ్డలో వడగట్టి పంపులో పోస్తి.

నీళ్ళు పోయినాయి మే, గాలి పోలా. నూనెలో గాలి కరిగి ఉంటాది, కంటికి కనపడదు. పంపు పీల్చేకొద్దీ ఆ నూనె తన కడుపులో గాలిని ఇడుస్తానే ఉంటాది. గొట్టాల్లో తేమను తాగుతాది, మళ్ళా ఎనిక్కి ఇడుస్తాది. ఎంత ఖాళీ అయిందో చూపిచ్చే మీటరు పగిలిపోయి ఉండ్య. చప్పుడును బట్టి చాల్లే అనుకుంటి. మిగిలింది నీలం గింజలు తాగుతాయిలే అనుకుంటి. ఫ్రిజ్జు మంచు పట్టె. డాక్టరమ్మ టీ తాపిచ్చి పంపించె. ఎంత గర్వమనుకున్నావు నాకు!

మూడు నెలలకు, కాదు, నెల లోపలే, మైలవరం కాడ చేన్లో మా చెల్లెలు హుసేనమ్మను పాము కరిచింది. మీ అమ్మను కన్నతల్లి. మీ అమ్మకప్పుడు రెండేండ్లు, ఆనక మేమే సాకి మా కొడుక్కు చేసుకుంటిమి, నీకు తెలుసు కదా.

ఆ పొద్దు నేను ఆడనే ఉంటి. వాళ్ళ మామ మంత్రమేసే ఆయన దగ్గరికంటాడు, ఇంకొకరు ప్రొద్దుటూరుకంటారు. నేనే అంటి, "జమ్మలమడుగుకు పదండప్పా, మందు ఆడ ఉంది, ఆ ఫ్రిజ్జు నేను బాగుచేసిందే" అని. జట్కాలో దావంతా దాని తల నా తొడ మింద పెట్టుకోని, "ఏం కాదు మే, నా ఫ్రిజ్జులో మందుంది" అని జెప్తాంటి. అది నన్ను నమ్మి నగింది.

డాక్టరమ్మ ఫ్రిజ్జు తలుపు తీసె. లోపల బల్బు ఎలుగుతాంది. దాన్ని చూసే కంపౌండరు ఫ్రిజ్జు నడుస్తాందనుకున్న్యాడు. సీసా నేనే అందుకుంటి. ఎచ్చగా ఉంది, పాపా. లోపల మందు తెల్లగా ఇరిగిపోయింది. ఏం జేస్తాది, ఉన్నదే సూదేసె ఆయమ్మ. మధ్యాన్నం నమాజు యాళకు మా చెల్లెలు లేదు.

"కరెంటు వచ్చి పోతాంటాది, దానికే పాడైంటాది" అనె డాక్టరమ్మ. శెనిగనూనె సంగతి నేను జెప్పలా. నాలుగు దినాలకు పోయి ఆ రాగి బుడ్డి కోసి చూస్తి. గింజలన్నీ గులాబీ రంగు. అవి పట్టుకున్నంత పట్టుకున్నాయి, ఆనక వాటి వల్ల కాలా, మిగిలిన తేమ సన్న గొట్టంలో గడ్డకట్టి దారి మూసేసింది.

ఇంకో పని రాదు కాబట్టి ఆ పనే చేస్తా వస్తి. ఎవరింటి ఫ్రిజ్జు తెరిచినా ఆ ఎచ్చటి సీసానే చేతికి తగుల్తాది. దేనికి బతికినానో నాకే తెలీదు. మీ అమ్మ "మామా, ఇంకొంచెం తిను" అని వడ్డిస్తాది చూడు, అప్పుడు సచ్చిపోదామనిపిస్తాది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో.

ఫ్రిజ్జు తెచ్చుకోండి, నేనడ్డం రాను. బల్బు ఎలుగుతాందని నమ్మొద్దు, దినామూ చెయ్యి పెట్టి చూడు. అల్లా నిన్ను బాగా చూసుకోనీ, నా తల్లీ.

ఏంది, తలుపు చప్పుడు? మీ అమ్మేనా? నువ్వు లేయాకు, ఈడనే కూచో. నువ్వు పక్కనుంటే ఈసారన్నా జెప్తానేమో...