కండక్టరు సంచి

పెరియమేడులో, తోలు సామాన్లకు రంగులేసే కామరాజు కొట్టు. ఆయుధపూజ రేపనగా మధ్యాహ్నం. బల్ల మీద సంచి, ఎదురుగా కుర్చీలో మైత్రి.

“పాలిష్ ఎన్ని పూతలు వేసినావమ్మా?”

“రెండు. కాదు, మూడు. మూడోది సరిగ్గా అంటలేదని మళ్ళీ ఒకటి.”

“అంటే నాలుగు.”

“నాలుగే అనుకోండి.”

“షూ పాలిషా?”

“డార్క్ బ్రౌన్. మా ఆయన ఆఫీసు బూట్లకి వాడేది. ఆయుధపూజ కదా, మొన్న ఇంట్లో సామానంతా తుడిచి పెట్టమన్నారు మా అత్తగారు. కుట్టుమిషను తుడిచాను, మిక్సీ తుడిచాను, స్కూటరు కడిగాను. బీరువా అడుగున గుడ్డలో చుట్టి ఇది కనిపించింది. ఒక చోట నలుపు, ఒక చోట ఎరుపు, ఒక చోట వెలిసిపోయి, అంతా మరకలు. పాపం దీన్నెవరూ పట్టించుకోలేదు అనుకున్నానండి.”

“మరకలంటావు.”

“అప్పుడు మరకలే అనుకున్నాను. నిన్న రాత్రి మా ఆయన చూసి తల పట్టుకున్నాడు. వాళ్ళ తాతగారు, రంగనాథం గారు, సిటీ బస్సు కండక్టరట. జార్జి టౌన్ నుంచి ఎన్నూరు దాకా రిటైరయ్యేదాకా ఈ సంచే భుజాన వేసుకున్నారట. ప్రతి ఆయుధపూజకీ దీన్ని పటాల ముందు పెట్టి, మా మామగారు ఆ మరకలు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటారట. ఇదంతా మా నాన్న చెమట అంటారట. ఆ చెమటకి నేను పాలిష్ కొట్టేశాను.”

“అనిరుధ్ ఇంకేమన్నాడు?”

“మా ఆయన పేరు మీకెలా తెలుసు?”

“నువ్వే చెప్పినావు గదా.”

“నేను చెప్పలేదండి.”

“ఈ కాలంలో అందరి పేరూ అదే గదమ్మా. ఆ స్పిరిట్ బుడ్డి ఇట్ల జరుపు.”

“కామరాజు గారూ, సాయంత్రానికి అయిపోవాలి. మామగారు నిన్న పొద్దున నెల్లూరు వెళ్ళారు, ఈ పాలిష్ సంగతి చూడకుండానే వెళ్ళారు, అదొక్కటే నయం. రాత్రి ఏడింటి బండికి దిగుతారు. దిగి, స్నానం చేసి, బీరువా తెరుస్తారు.”

“తెరిస్తే తెరవనీ. ఏమన్నా అంటాడా?”

“అనరు. అదే నా బాధ. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నన్నొక మాట అన్న మనిషి కాదు. పొద్దున్నే కాఫీ నాకు కూడా ఆయనే కలుపుతారు. మా నాన్న నా చిన్నప్పుడే పోయారండి. ఈయన ఆ సంచి చేతిలోకి తీసుకుని, ఏమీ అనకుండా మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేస్తే, అది నేను చూడలేను.”

“సేరి, ఇను. ముందు నీ పాలిషంతా స్పిరిటుతో దిగదీయాల. ఒట్టి తోలు తేలినాక మొత్తం తేనె రంగు. అది ఇంకినాక అంచులకి కాఫీ రంగు, ఆ పైన భుజం పట్టీకి, మూతకి నలుపు. లేతది ముందర, ముదురుది తర్వాత. ఒకదాంట్లోకి ఒకటి తెలీకుండా దిగిపోవాల, గీత కనపడితే బొమ్మలకి వేసిన రంగు మాదిరి ఉంటాది.”

“ఎంతసేపు?”

“వేసేది రెండు గంటలు. ఆరేది రేపు పొద్దున దాకా.”

“హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను.”

“బ్యాగులోనే ఉండనీ.”

“పోనీ మేడ మీద ఎండలో?”

“ఎండలో పెడితే అప్పడం అవతాది. మీ ఇంట్లో ఒకసారి అయింది చాల్దా?”

“మా ఇంట్లో ఎప్పుడైంది?”

“ఆ బనియన్ గుడ్డ ఇట్ల ఇయ్యి. అది కాదు, మెత్తగా ఉండేది.”

“ఇదిగోండి. ఎప్పుడైంది?”

“ఊరికే అన్నానులే. ఇప్పుడు ఇదే నాకు ఎక్కువ పని, తెలుసునా? కాలేజీ పిల్లకాయలు కొత్త బ్యాగు కొనుక్కోని నేరుగా ఈడికే తెస్తారు. అన్నా, వాడి వాడి పాతబడిపోయినట్టు చెయ్యి అంటారు. నేను చేసిస్తాను. దాన్ని వానలో తడవకుండా గొడుగు పట్టి తీసకపోతారు.”

“నా దగ్గర ఫోటో ఉందండి. పోయినేడు పూజప్పుడు మా ఆయన తీసింది. సంచి చిన్నగానే ఉంది గానీ, పెద్దది చేస్తే...”

“వద్దులే.”

“చూడకుండా ఎలా వేస్తారు?”

“ఏదో అందాజుగా.”

“ఆ మూత మూల మీద చంద్రవంకలా వేశారే, అది నా ఫోటోలో కూడా అక్కడే ఉంది.”

“ఉంటాది.”

“పట్టీ మధ్యలో వెలిసిపోయింది కూడా.”

“భుజం మింద రాసుకుండే చోటమ్మా. ఎవురికైనా ఆడనే వెలుస్తాది.”

“చూడండి, పొద్దున నేను వంటింట్లో ఏడుస్తుంటే మా అత్తగారు వచ్చి మీ పేరు చెప్పారు. చెప్పులు తెగితే ఎక్కడ కుట్టిస్తారో కూడా తెలియని మనిషి. అలాంటిది ఏ సందు, ఏ మలుపు, పక్కనున్న టీ కొట్టు, అన్నీ గుర్తులతో సహా చెప్పారు. సంచి ఇచ్చి కూర్చో, ఆయన్నేమీ అడగొద్దు అన్నారు.”

“అడగొద్దనింది గదా.”

“అన్నారు. అడుగుతున్నాను.”

“కన్నీళ్ళు తుడుచుకో. సంచి మింద పడతా ఉండాయి. తడి రంగు మింద నీళ్ళు పడితే మచ్చ నిలిచిపోతాది.”

“చెప్పేదాకా ఇలాగే కూర్చుంటాను.”

“ఇదేం గొడవమ్మా. కొంచెం వెనక్కి జరుగు, చెప్తాను. ఆ పెద్ద వరద వచ్చిన ఏడు మీ ఇంట్లోకి నీళ్ళు వచ్చినాయి. సంచి నానిపోయింది. మీ అత్త కోకిలమ్మ పాపం మంచి చేస్తున్నాననుకోని మిద్దె మింద ఎండేసింది. పెటపెటా పగిలిపోయింది. ముక్కలు మూట కట్టుకోని ఈడికొచ్చి, ఆ కుర్చీలోనే కూచునింది.”

“ముక్కలు అతికించారా?”

“అతికించేదానికి ఏముండాది? కొత్తది కుట్టించి రంగేసినాను.”

“ఇది కొత్తదా?”

“అప్పుడు కొత్తదే.”

“మరి ఈ మరకలు?”

“నావే.”

“తాతగారి చెమట?”

“అదీ నాదే. కాఫీ రంగులో ఒక చుక్క నలుపు.”

“మామగారు వీటినే తడిమి చూసుకుంటారండి.”

“ఆమా, అవునవును, చెప్పినావు.”

“అయ్యో, అత్తయ్య ఇన్నేళ్ళు దీన్ని మోస్తున్నారా మనసులో? ఆయనకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?”

“తెలుసు.”

“ఎవరికి?”

“మీ మామకి. వరద తర్వాత వచ్చిన పూజ అయినాక మీ మామ మునికృష్ణ ఈ సంచి పట్టుకోని వచ్చినాడు. మూత లోపల నా కొట్టు ముద్ర చెరిపేది మరిచిపోయినాను నేను. మా నాయనది ఎడమచేతివాటం, చిల్లర అర మింద బొటనవేలి మచ్చ ఈ పక్క కాదు, ఆ పక్కకి రావాల అన్నాడు. మీ అత్త కాపరానికి వచ్చేసరికి పెద్దాయన రిటైరు. ఆయన పని చేసేది ఆమె యాడ చూసింది? అందుకే నాకు తప్పుగా చెప్పింది.”

“కోప్పడలేదా?”

“ఎవురి మింద? ఎంత భయపడి ఉంటే ఇంత దూరం ఒక్కతే వచ్చి ఉంటాది అన్నాడు. అంతే. మచ్చ మార్పించుకోని, ఆమెకి చెప్పొద్దని పోయినాడు. ఆమె ఆయనకి చెప్పొద్దనింది. మీ ఇంటి రహస్యాలు మోసేదానికే నేను కొట్టు తెరిచినట్టుండాది.”

“మరి నాకెందుకు చెప్పారు?”

“సంచి తడిసిపోతా ఉంటే ఏం చేసేది?”

“ఆయన చెమట కాదని తెలిసి కూడా తడుముకుంటారా?”

“అది నన్నడిగితే? నేను రంగులేసేవాణ్ణి. ఆ చెయ్యి తియ్యి, అంచు తడిగా ఉండాది.”

“అదంతా సరేనండి, అది అత్తయ్య సంగతి. భార్య కాబట్టి ఊరుకున్నారు. నేను నిన్నగాక మొన్న వచ్చినదాన్ని. ఏడింటికి దిగి బీరువా తెరిస్తే ఒట్టి గుడ్డే ఉంటుంది, సంచి ఇక్కడ ఆరుతూ ఉంటుంది. ఏం చెప్పాలి నేను?”

“నీ ఫోను మోగతా ఉండాది.”

“మామగారే. ఉండండి. ఆ ఫ్యాను కొంచెం ఆపండి. హలో, మామయ్య గారూ. ఇంట్లోనే ఉన్నానండి. అదా, ఎదురింట్లో ఏదో కొడుతున్నారు. బండి తప్పిపోయిందా? అయ్యో. మరి ఎలాగ? రేపు పొద్దున్నా? పూజ వేళకి వచ్చేస్తారా. సరేనండి, అత్తయ్యకి చెప్తాను. తిన్నాను. తిన్నానండి, నిజంగా. ఉంటాను.”

“ఏమంట?”

“బండి తప్పిపోయిందట. రేపు పొద్దున వస్తారట. గంట ముందే స్టేషన్లో కూర్చునే మనిషి, ఆయనకి బండి తప్పడమేంటండి. నా అదృష్టం బాగుంది.”

“అదృష్టమేందమ్మా. నెల్లూరు పోయే ముందరే బీరువా తెరిచి చూసినాడంట. నిన్న నాకు ఫోన్ చేసి, మా ఆమె కోడల్ని సంచితో నీ దగ్గరికే పంపిస్తాది, రంగేస్తే ఆరేదానికి ఎంతసేపు పడతాది అని అడిగినాడు. వేసిన మర్నాడు పొద్దున దాకా అని నేనే చెప్పినాను.”