బొగ్గుకు పది రోజుల గడువు

మంగళవారం సాయంత్రం. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన సారయ్య క్వార్టర్. వంటగదికి బిగించిన ఇనుప జాలీ తలుపు వెనక ఒక నల్ల కుక్క. ఇవతల సారయ్య, రెండు లైన్ల అవతలి క్వార్టర్ నుంచి వచ్చిన ఫ్లోరెన్స్.

"ఆడ్నే ఆగు బిడ్డా. జాలీ దగ్గరికి రాకు."

"ఎందుకు కాకా? మొన్నటిదాంక నువ్వే రా, రా అంటివి. నిన్నేమో పండుకున్నదని గుమ్మంలనే పంపిస్తివి."

"జర చిరాకుగున్నది ఇయ్యాల. తిన్నది కాని."

"తిన్నదా? నీళ్ళో?"

"తాగింది. గిన్నెడు తాగింది. చూడు, మూతి ఇంకా తడిగనే ఉన్నది."

"యేసయ్యా, నీకు స్తోత్రం. రేపటితోని పది రోజులు. రేపు నేనే బొగ్గుకు చికెన్ వండి తెస్త కాకా. మా పాపను కరిచిన నాడు దీని మీద ఎంత కోపమొచ్చిందో నాకు! అయినా నీ పక్కింటి చందర్ కర్ర లేపితే అడ్డం పడ్డది నేనే గదా."

"అవ్ బిడ్డా. నువ్వు లేకుంటే ఆడ్నే సంపుతుండె."

"ప్రేమతోనేం కాదు. దవాఖానాల డాక్టరమ్మ చెప్పింది గాబట్టి. పది రోజులు కట్టేసి చూడుర్రి, బతికుంటే పిచ్చి లేనట్టే, సస్తే మాత్రం గంట గూడ ఆగకుండ ఉరికిరా అన్నది."

"గట్లనే అన్నదా."

"నీకు అప్పుడే చెప్పిన గదా. ఏంది కాకా, మనసు ఇక్కడ లేదా? ఆ మూట ఏంది లోపల?"

"గోనె సంచి. ఎండుచేప ముక్క పెట్టి ముడేసిన. పొద్దంత నాలుగ్గోడల నడుమ ఉంటే ఏం తోస్తది దానికి? ముడి ఇప్పుకోవాలె, తినాలె. గంట గడుస్తది. మధ్యాహ్నం కొబ్బరిచిప్పల రొట్టె ముక్క ఇరికిచ్చి ఏసిన. దాన్ని దొర్లిచ్చుకుంట ఇంకో గంట."

"ముడి ఇప్పుతలేదు కాకా. సంచినే చింపుతున్నది."

"ఇప్పుతది, ఇప్పుతది."

"గురువారం పంటితోని కొస పట్టుకొని ఎంత నెమ్మదిగ గుంజింది! నేను చూసిన గదా. ఇంటికి పోయి మా ఆయన జస్టిన్‌కు గూడ చెప్పిన, నీకంటే సారయ్య కాక కుక్కకే ఓపికున్నదని. మూడు దినాలు నవ్విండు."

"ఇయ్యాల జర ఆత్రంగున్నది. పాప ఎట్లున్నది?"

"మంచిగున్నది. పిక్క మీద పుండు ఎండింది. ఉరుకుతున్నది. సూది బాధ గూడ తప్పె దానికి."

"తప్పుడేంది?"

"ఆదివారం మూడో సూది ఉండె. ఇప్పియ్యలే."

"ఇప్పియ్యలే?"

"ఏడుస్తది కాకా. సూది అంటే చాలు మంచం కిందికి దూరుతది. రెండు సూదులకే గుంజి గుంజి తీస్కపోయినం. శుక్రవారం వానల పాపను ఎత్తుకొని నీ గేటు కాడికొస్తే, బొగ్గు కిటికీలకెళ్ళి చెయ్యూపింది చూడు, పాప నా సంకల నుంచే గంతులేసింది. అప్పుడే నా గుండె నిమ్మళమైంది. గింత మంచిగున్న కుక్కకు పిచ్చేంది అనుకున్న."

"ఇయ్యాల ఇప్పియ్యి."

"ఏంది?"

"సూది. ఇయ్యాలనే. ఇప్పుడే పో."

"గిప్పుడా? రేపటితోని అయిపోతుంటే?"

"జస్టిన్ ఇంట్లనే ఉన్నడా? ఆటో మాట్లాడుకొని పోండ్రి. జల్దీ."

"పాప ఇప్పుడే పండుకున్నది కాకా. రేపు కుక్కను చూసినంక అడుగుదాం డాక్టరమ్మను."

"అడుగుడేంది! ఎన్ని సూదులని రాసిందో అన్ని ఇప్పియ్యాలె. మధ్యల ఆపుతరా ఎవలన్న? తల్లివేనా నువ్వు?"

"కాకా! నీ కుక్క కరిస్తే నన్నంటున్నవా?"

"తప్పయింది. తప్పయింది బిడ్డా, దండం పెడుత. పో, పాపను తీస్కొని పో."

"కుక్క మంచిగున్నది గదా?"

"మంచిగున్నది."

"తిన్నది గదా, తాగింది గదా?"

"తాగింది."

"మరి నన్నెందుకు గట్ల తరుముతున్నవ్? ఆ గరిటె ఇటియ్యి."

"గరిటె ఎందుకు?"

"బాయిల గంట కొట్టినట్టు జాలీ మీద కొట్టి నేర్పినవ్ గదా. ఒక్క దెబ్బకు ఆగాలె, రెండు దెబ్బలకు కూసోవాలె. నేను కొడుత."

"ఇయ్యాల వద్దు. దాన్ని ఇసిగియ్యకు."

"ఒక్కటి కొట్టిన. ఆగలే. ఇంకా ఎగురుతనే ఉన్నది."

"బుగులు పడ్డది. కొత్త చెయ్యి గదా."

"గురువారం గూడ నేనే కొట్టిన. రాయి లెక్క నిలబడ్డది. నువ్వే మురిసిపోయి, మా షిఫ్టుల గూడ గింత మంచిగ మాట ఇన్నోళ్ళు లేరు అంటివి. సరే, పట్టు. నువ్వు కొట్టు."

"ఫ్లోరెన్సమ్మా..."

"కొట్టు కాకా!"

"కొట్టిన. చాలా?"

"రెండు కొట్టినవ్. కూసోలే. గరిటెను నాకుదామని చూస్తున్నది. పేరు పెట్టి పిలువు."

"బొగ్గూ."

"మల్ల పిలువు."

"బొగ్గూ. ఒరే బొగ్గూ."

"చెవి గూడ తిప్పలే. నాలుగేండ్ల సంది పిలుస్తున్న పేరు మర్చిపోయిందా? శనివారం నీ ఇంటికి తాళమున్నది. యాడికి పోయినవ్?"

"టేకులపల్లి. మా చెల్లె ఇంటికి."

"నీ చెల్లె కాడ బొగ్గు తోడపుట్టినది ఉన్నదని చెప్పినవ్ గదా. గది గూడ నల్లగనే, గుర్తు వట్టలేం అంటివి. చెప్పు. నా ముఖం చూసి చెప్పు. బొగ్గు యాడ ఉన్నది?"

"వాగు ఒడ్డున."

"వాగు ఒడ్డున ఏం జేస్తున్నది?"

"బొంద పెట్టిన బిడ్డా."

"అయ్యో దేవా! అయ్యో నా బిడ్డ! ఎట్ల సచ్చింది?"

"నోట్లె నురగొచ్చింది. చందర్ ఏదన్న మందు ఏసిండనుకున్న. ఒట్టు, మందే అనుకున్న."

"నీళ్ళు తాగిందా? కాకా, నిన్నే అడుగుతున్న. సచ్చే ముందు నీళ్ళు తాగిందా?"

"మింగలేకపోయింది. దొంగ మాట కాదు, దోసిట్ల పోసిన. చెంచతోని పోసిన. పక్కకెళ్ళి కారిపోయినయ్."

"గది మందా? అరవయ్యేండ్లున్నయ్ నీకు, గది మందు అనుకున్నవా?"

"అనుకోవాలని అనుకున్న. అందరి ముంగట పది రోజులు నాకియ్యుర్రి, కంటికి రెప్ప లెక్క చూస్త అని మాటిస్తి. ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె? పాపకు సూదులైతే పడుతున్నయ్ గదా, పాపకేం గాదు, ఊకెనే నీ గుండెల రాయి ఏసుడెందుకని..."

"నా సూదుల మీద నువ్వు ధైర్యంగున్నవా? నీ కుక్కను జూసి నేను సూది ఆపిన కాకా!"

"నాకు ఎర్క లేదు. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నువ్వు చెప్పినవా ఒక్క మాట? ఎప్పుడు సచ్చింది? శనివారం పొద్దుగాలనా?"

"గప్పుడే అనుకో. ముందు ఫోన్ చెయ్యి బిడ్డా."

"నా ఫోన్... ఆ, హలో, జస్టిన్! పాపను లేపు. లేపు అంటున్న! చెప్పులు గిప్పులు ఏం వద్దు, ఎత్తుకొని సారయ్య కాక ఇంటి కాడికి రా. లాల్‌సింగ్‌ను ఆటో తీయమను. తర్వాత చెప్త, నన్నేం అడగకు... హలో, తిరుమల సిస్టర్? నేను ఫ్లోరెన్స్‌ను. పిక్క మీద కుక్క కరిచిన పాప... అవ్, ఆ పాపనే. మూడో సూది ఇప్పియ్యలే సిస్టర్. రెండు దినాలైంది. కుక్క సచ్చిపోయింది... తిట్టు, ఎంతన్న తిట్టు, కాని ఇంకా టైమున్నదా? ఉన్నదా?... వస్తున్నం. ఇప్పుడే వస్తున్నం."

"ఏమన్నది? ఉన్నదన్నదా?"

"ఒక్క నిమిషం గూడ పాడుచేయొద్దన్నది. దాన్ని ముట్టుకున్నోళ్ళందర్ని తీస్కరమ్మన్నది. నీ ముంజేతుల మీద ఆ గీతలేంది?"

"దాని పళ్ళే. నీళ్ళు పోస్తుంటే గీసుకున్నయ్."

"నువ్వు గూడ ఆటో ఎక్కు."

"నాకెందుకు బిడ్డా? నేను చేసిన పనికి నాకైతే కానీ."

"నీ మీద జాలి పడే టైము నాకు లేదు. ఎక్కు అంటే ఎక్కు. నిన్ను గూడ పోగొట్టుకొని ఎవల్ని తిట్టాలె నేను? తలుపుకు గొళ్ళెం పెట్టు, ఇండ్ల దీని పాపమేమున్నది, దీనికేం తెలుసు... అదిగో ఆటో. నడువు."

"పదా. పదా బిడ్డా."

"ఆగు కాకా. సిస్టర్ దినం, టైము అన్నీ అడుగుతది. శనివారం కాదు గదా? శనివారం పొద్దుగాలనే నీ ఇంటికి తాళమున్నది. శుక్రవారమా?"

"ఆటోల చెప్త. పాప వచ్చింది చూడు."

"శుక్రవారం ఐదింటికి మేము గేటు కాడ ఉన్నం. కిటికీల కూసోని పాపకు చెయ్యూపింది. అది జూసే నేను సూది ఆపిన. రాత్రికి సచ్చిందా? చెప్పు, మేమొచ్చినప్పుడు బతికే ఉన్నది గదా?"

"ఎనక నుంచి పట్టుకొని చెయ్యూపిచ్చింది నేను బిడ్డా. అది నాలుగింటికే పోయింది."