ఓయ్వా కాఫీ వద్దన్న చలికాలం

రా ఆస్కో, తువ్వాలు పరుచుకుని కూర్చో, చెక్క కాలుతుంది. ఈ బల్ల ఎవరు చేశారంటావా? ఓయ్వా అని, సరస్సు అవతలి ఒడ్డున ఉండేవాడు. నువ్వప్పుడు పట్నంలో చదువుకుంటున్నావు. పోయి చాలా ఏళ్లయిందిలే, గుండె ఆగి. చెయ్యి మంచిది, నోరే లేదు పాపం. ప్రతి శనివారం వాడూ, నేనూ, మా తమ్ముడు, అదే మీ నాన్నా, ఈ ఆవిరిగదిలో చెమటలు కక్కేవాళ్లం. ఒంటిమీద నూలుపోగుండదు, అయినా ఒంట్లో సంగతి ఒక్కడూ ఎత్తడు. మన మగాళ్ల తంతే అంత.

ఓ చలికాలం వాడు మా ఇంట్లో కాఫీ వద్దన్నాడు. వింటున్నావా? కాఫీ! మీ పెద్దమ్మ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మన కాఫీ కూడా గొంతు దిగదేం ఆయనకి, అంత పాపం ఏం చేశాం?" అని వారమంతా సణిగింది. తర్వాత ఇక్కడికి రావడమూ మానేశాడు. చర్చిలో తలుపు పక్కన కూర్చునేవాడు, చేపలకెళ్తే మంచు మీద ఎక్కడో దూరంగా ఒక్కడే. పొగరనుకున్నాం. రెండిళ్ల మధ్యా మాటలు పోయాయి.

ఓ పొద్దున వాళ్లావిడ సాయిమా గడ్డకట్టిన సరస్సు మీదుగా పరిగెత్తుకొచ్చింది. లోపలికి కూడా రాకుండా, "అన్నా, కారు తియ్యి, ఆయనకి రాత్రి నుంచి మూత్రం రావట్లేదు" అంది. దారంతా పొట్ట పట్టుకుని వంగిపోయాడు గానీ మూలిగితే ఒట్టు. ఆస్పత్రిలో గొట్టం వేశాక చూడాలి వాడి మొహం, చంటిపిల్లాడు పాలు తాగి పడుకున్నట్టు.

డాక్టరు చిన్నపిల్ల. నేనూరుకుంటానా, అసలెక్కడుంటుందమ్మా అది అని అడిగాను. మూత్రసంచి కింద అక్రోటుకాయంత గ్రంథి, ప్రోస్టేట్ అంటారంది. మూత్రం పోయే దారి దాని మధ్యలోంచేనట, వయసుతో అది ఉబ్బితే దారి నొక్కుకుపోతుందట. ఆడవాళ్లకి ఉండదట. చిత్రం కాదూ, అన్నేళ్లు మోసుకు తిరిగి, దాని పేరు ఆ రోజు విన్నాను. వీడేమో మాటిమాటికీ లేవాల్సొస్తుందని కాఫీ, నీళ్లు అన్నీ మానేశాడు. అలా ఎండిపోకూడదంది. పడుకునేముందు తగ్గించు చాలు, వస్తే ఆపుకోకు, రోజూ నడువు అంది. ఉబ్బినంతమాత్రాన క్యాన్సర్ కాదు, వీడిది ఉత్త వాపే. కానీ క్యాన్సరైతే మొదట్లో చప్పుడే చెయ్యదు, అందుకే రక్తపరీక్ష సంగతి మీరే అడగాలంది.

ఆపరేషనయ్యాక వాడికి నోరొచ్చిందిరా. ఈ బల్ల మీద కూర్చుని, ఎవడొచ్చినా "ధార ఎలా ఉంది?" అనేవాడు. జనం సరస్సులో దూకి పారిపోయేవాళ్లు. నేను సిగ్గుపడుతూనే పరీక్షకెళ్లాను. మీ నాన్న మాత్రం పగలబడి నవ్వాడు. "నాకు గుర్రానికి పడ్డట్టు పడుతుంది, ఫో" అన్నాడు. నిజంగానే పడేది. ఏ ఇబ్బందీ లేదు. తర్వాతెప్పుడో నడుం నొప్పని వెళ్తే, క్యాన్సర్ అప్పటికే ఎముకల్లో ఉంది.

మీ నాన్నని మట్టి చేసిన రోజు ఓయ్వా నా పక్కన నిలబడి ఒకే మాటన్నాడు. "ఇంకోసారి అడగాల్సింది."

తండ్రికుంటే కొడుకు ముందే చూపించుకోవాలంటారు. నీకు యాభై నిండాయి. పోయిన వేసవిలో అడిగితే నవ్వేశావు, అచ్చం మీ నాన్న నవ్వే. అందుకే ఇంకోసారి అడుగుతున్నా. చూపించుకున్నావా?

లేచిపోతున్నావా? సరే, మళ్లీ అడుగుతాలే. ఆ తలుపు సరిగ్గా వెయ్యి, వేడంతా పోతోంది.