మూడో లైన్లో పౌడరు డబ్బా

అదేంటి సార్, పని చేసినందుకు కూడా మెమోనా? అనుమానం వస్తే సంచి ఆపమన్నది మీరే కదా! ఆపాను. ఇప్పుడేమో ఇరవై నిమిషాలు విమానమెక్కేవాళ్ళ లైనంతా ఎందుకు నిలిపేశావంటున్నారు.

అబ్బే, ఎవరి సంచో నాకెలా తెలుస్తుంది? మమ్మల్ని కూర్చోబెట్టింది లోపలి గదిలోనాయె. మనుషులు కనపడరు, తెర మీద సంచులే. సొంతవాళ్ళ సంచి వస్తే కుర్చీ దిగిపోవాలని, లేకపోతే సీటే ఊడుతుందని నాకు తెలీదా?

పాత ఎక్స్‌రే మిషన్లో అన్నీ ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగంగా కనిపించేవి. ఈ కొత్తదాంట్లో సంచిని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు, పొరలు పొరలుగా విప్పి చూడొచ్చు. తిప్పాను. పౌడరు డబ్బా, అందులో పౌడరు, పౌడరు మధ్యలో గుండ్రంగా ఏదో! ఆపనా, మాననా, మీరే చెప్పండి?

ఇంకాస్త తిప్పితే చేతి గాజు. రెండు చిలకలు మూతులు కలిపిన గాజు. ఒక చిలక్కి ముక్కు లేదు. ఎందుకు లేదంటారా? మా వంటగది తలుపుకి కొట్టుకుని విరిగింది, నా చేతికుండగా!

అవును సార్, మా అమ్మ పెట్టిన గాజే. మూడేళ్ళ కింద ఇంట్లోంచి మాయమైంది. మావారి అక్క, అదే మా వదిన, ఒంటిమీది బంగారం కూడా నిలుపుకోలేని మొద్దునని చుట్టాలందరికీ చాటింది. పైగా టార్చి పట్టుకుని మంచం కిందకి దూరి నాతోపాటు వెతికింది కూడా, మహాతల్లి! ఇంట్లో వదిలితే దొంగలెత్తుకుపోతారని వెంట తిప్పుకుంటోంది కాబోలు.

నన్నూ బయటికి పిలిచి బల్ల మీద డబ్బా తెరిచినప్పుడు ఆవిడ మొహం చూశారా? "అయ్యో, ఇందులోకి ఎలా వచ్చిందో" అంట! నడిచొచ్చింది పాపం.

నవ్వకండి సార్. మీరు నవ్వితే నాకూ నవ్వొచ్చి నిజం చెప్పేస్తాను.

సరే, రాసుకోండి. మా ఇంట్లో పది రోజులుండి వెళ్తోంది కదా అని నిన్న ఆవిడ సంచి నేనే సర్దబోయాను. ఆ డబ్బా ముట్టుకోగానే చటుక్కున లాగేసుకుంది. పౌడరు డబ్బాకి ఇంత కాపలా ఏంటా అని అప్పుడే అనుమానం తగులుకుంది. కొత్త మిషను ఉన్నది మూడో లైన్లో ఒక్కచోటే కదా? పొద్దున దింపుతూ నేనే చెప్పాను, "వదినా, మూడో లైన్లో రద్దీ తక్కువ, అక్కడ నిలబడు" అని.

ఇక సీటు తీస్తారో, ఉంచుతారో మీ దయ. సంతకం ఎక్కడ పెట్టమంటారు? ఒక్క నిమిషం ఉండండి, గాజు అడ్డొస్తోంది.