పుష్పకుమారి స్తోత్రం

ఏటమ్మా తబితా, మొన్న ఆదివారం సర్చిలో అయ్యగారు, దేవుడు సేసిన మేలుకి సాక్ష్యం సెప్పమంటే నీకు నోరు పెగల్నేదటగదా? మీ అమ్మ సెప్పింది. సర్లే, అలగ తల దించుకోకు, కూకో. నీకంటే గట్టిగా నోరు కట్టీసుకున్న మనిసిని సూసేను నాను. పుష్పకుమారని, గవరపాలెంలో మా ఇంటెనకాల జాకెట్లు కుట్టీది. నీకు గేపకం ఉండదు, అప్పటికి నువ్వు పలక పట్టుకు తిరిగీ గుంటవి. మొగుడు ఎప్పుడో పోయేడు. ఒక్కడే కొడుకు, స్టాన్లీ. ఆ మిషను తొక్కే ఐటీఐ సదివించింది. పరవాడ కాడ మందుల కంపెనీలో పనికి కుదిరేడు. మనిసి పీలగా ఉండీది గానీ, గొంతుంది సూడు, సర్చిలో పాట ఆవిడెత్తితేనే మేవందరం అందుకునీవోల్లం. మా బెల్లం మార్కెట్లో దిమ్మలు దించీ కళాసీలు కూడా, మీ సర్చిలో పాడీ ఆవిడెవరు మామా అని నన్నడిగీవోరు. అప్పుడు మార్కెట్టు మార్కెట్టులా ఉండీది, బళ్లు బారులు తీరి... ఏటి సెప్తన్నాను? ఆ, స్టాన్లీ.

స్టాన్లీకి జెఫ్రీ అని సావాసగాడు. ఒకే కంపెనీ, ఒకే బస్సు, బావంటే బావనుకునీవోరు. రెండువేల ఆరో ఏడో, వానాకాలం. ఆ మజ్జానం డ్యూటీ జెఫ్రీది. పాపకి జొరంగా ఉంది బావా, ఈ పూట నా బదులు నువ్వెల్లవా అని అడిగేడు. దానికేటి, ఎల్తానన్నాడు స్టాన్లీ. సందేలకి కంపెనీలో రియాక్టరు పేలింది. మూట కట్టి తెచ్చేరమ్మా. తల్లికి మొకం సూపించనేదు. ఆ తరవాతి ఆదివారం జెఫ్రీ పెళ్లాం రోజలిన్ సాక్ష్యానికి నిలబడింది. నా బర్తని దేవుడు సావులోంచి తప్పించేడు, స్తోత్రం అంది. అదేటి సేత్తది, దాని మొగుడు బతికేడు మరి. అలవాటు కొద్దీ సర్చంతా స్తోత్రం అనీసింది. ముందు సాప మీదే కూకుంది పుష్పకుమారి. లేచెల్లిపోద్దేటో అనుకున్నాను. ఎల్లనేదు. ముసుగు ముందుకి లాక్కుంది.

అంతే, ఆ రోజుతో ఆవిడ నోరు మూతబడిపోయింది. ప్రతీ ఆదివారం వచ్చీది, అదే సోటున కూకునీది, పెదవి కదిపీది కాదు. పాట ఇంకెవరెత్తినా సగంలో జారిపోయీది. దేవుడి మీద అలిగిందని ఆడోల్లు సెవులు కొరుక్కునీవోరు. అయ్యగారు ఇంటికెల్లి, దుక్కంలో కూడా స్తుతించాలమ్మా అని సెప్తే, టీ ఇచ్చి పంపించీసిందట. ఇటు జెఫ్రీ ఇంకోలాగ. పనికెల్లడం మానీసేడు. ఆదివారం పెళ్లాన్నీ పాపనీ గేటు కాడ దింపి, బండి మీదే కూకుండిపోయీవాడు. లోపలికి రారా అంటే, పుష్పత్త మొకం సూడలేను మామా అనీవాడు. ఓ పొద్దున్న టేషను అవతల పట్టాల మీద కూకున్నాడని పోర్టర్లు రెక్క పట్టుకు లాక్కొచ్చేరు. ఆ మాట పుష్పకుమారికి నానే సెప్పేను. జాకెట్టు కుడతంది. మిషను ఆపీసింది. ఆదివారం వత్తాడా అన్నయ్యా అనడిగింది. గేటు వరకూ వత్తాడమ్మా అన్నాను.

ఆ ఆదివారం, కృతజ్ఞతలు సెప్పీవోల్లు ఎవరన్నా ఉన్నారా అని అయ్యగారు అడిగేరు. పుష్పకుమారి లేచింది. అయ్యగారి వైపు కాదు, గుమ్మం వైపు తిరిగింది. నోరు తెరిసింది, గాలే వచ్చింది. మల్లీ తెరిసింది. పక్కావిడ పట్టుకోబోతే వద్దంది. అప్పుడొచ్చింది గొంతు, గేటు దాటి రోడ్డు మీదికి ఇనబడీలాగ.

"ప్రబువా, నా కొడుకుని తీసుకున్నావు. ఎందుకో నాకు సెప్పనేదు. జెఫ్రీని ఉంచేవు. జెఫ్రీని ఉంచినందుకు నీకు స్తోత్రం."

ఈసారి తిరిగి స్తోత్రం ఎవరూ అననేదు. రోజలిన్ మోకాళ్ల మీద తల పెట్టీసుకుంది. కాసేపటికి జెఫ్రీ వచ్చేడు, కాళ్లకి సెప్పులు కూడా ఇప్పనేదు, గుమ్మంలోనే కూలబడిపోయేడు. పుష్పకుమారి పాటెత్తింది. ఎనకటి గొంతు కాదమ్మా, పగిలిపోయింది. అయినా ఆపనేదు.

ఇంటికెల్తంటే అడిగేను, మనసు తేలికపడిందేటమ్మా అని. నేదన్నయ్యా అంది. "స్తుతియాగం అంటారు కదా. యాగమంటే ఏదో ఒకటి కొయ్యాల. ఎనకటికి నా నోట్లో ఉట్టినే పాటుండీది. ఇయ్యాల కోసేను." ఆ పిల్లోడు కూడా పోతే నాను స్టాన్లీకేటి సెప్పుకోవాల అంది. తరవాత బతికినన్నాల్లూ ప్రతీ ఆదివారం నిలబడి అదే ముక్క సెప్పీది, జెఫ్రీని ఉంచినందుకు అని. సెప్పి కూకునీది. నవ్వగా మాత్రం మల్లీ సూడనేదు నాను. జెఫ్రీ మల్లీ పనిలో పడ్డాడు, ఆటో కొనుక్కున్నాడు. కొన్నేల్లకి ఆవిడ కుట్టుమిషను మీదే ఒరిగిపోయింది, గుండాగి.

సమాధి కాడ అయ్యగారు జెఫ్రీని రెండు మాటలు సెప్పమన్నారు. పెట్టె మోసింది ఆడే కదా. లేచి నిలబడ్డాడు. నన్ను ఉంచినందుకు... అన్నాడు. అక్కడితో ఆగిపోయేడు. మిగతా మాట కోసం మేవందరం నిలబడ్డాం. ఆడు అననేదు, మాలో ఎవరూ అందించనేదు. మట్టి పోసీసి వచ్చీసేం.

సినుకులు పడతన్నాయి, ఆ దండెం మీద బట్టలెవరివి, తడిసిపోతన్నాయి. ఎల్లి తియ్యి.