తెరవెనుక గోడ మీది రాత

కనజావాలో మా పాత నాటకశాల చూపించే పని నాది. ఆడిన బృందాలన్నీ తెరవెనుక గోడ మీద ఓ మాట రాసిపోయేవి. ఆ గోడ ఓ బామ్మకి చూపిస్తున్నాను.

“‘చప్పట్లకి పైకప్పు ఎగిరిపోయింది.’ నూరేళ్ళ కిందటి రాతండీ బామ్మగారూ!”

“ఈ శాల కట్టి అరవై ఏళ్ళేగా నాయనా?”

“ముందు గోడొక్కటే కట్టారండి.”

“మరి నీ వేళ్ళకా సిరా ఏంటి?”

“చరిత్ర కదండీ, ముట్టుకుంటే అంటుకుంటుంది.”

“సరేలే. ఇక్కడే మా నాన్న రాత ఉండాలి. ‘ఒకటే వాన. చూసేవాళ్ళు ముగ్గురు. అయినా ఆడాం.’ ఆ ముగ్గురిలో అమ్మా నేనూ ఉన్నాం. అది చూద్దామనే నీగాతా నుంచి వచ్చా. ఏదీ?”

నేను సిరా వేళ్ళు జేబులో దాచుకున్నాను.

“ఏది నాయనా?”

“పొద్దున నేనే కడిగేశానండి. మరీ చప్పగా ఉందని.”