ఈడికొచ్చినా

తిరుపతి స్టేషన్ వెనక వీధిలో, మేడ మీది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మధ్యాహ్నం ఇద్దరే మిగిలారు. కొత్తగా చేరిన కుర్రవాడు, అక్కడ ఏళ్లుగా ప్రోగ్రాంలు రాస్తున్న ఆమె కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ప్రోగ్రాం నడిచేటప్పుడు అడుగడుక్కీ 'ఈడికొచ్చినా' అని తెర మీద పడతా ఉండాదే, ఎవురు పెట్టింది?"

"ఆఫ్తాబ్. నీకు ముందు నాతో పనిచేసినోడు. అప్పట్లో నెట్ ఊరికూరికే పోయేది. అందుకని బయటోళ్లు రాసిన కోడ్ లైబ్రరీని మన ఫోల్డర్లోకే కాపీ చేసుకున్నాడు. యాడ నిలిచిపోతాదో తెలియాలని ఆ మాట రాసినాడు."

"ఇప్పుడు యాడిదాకా నడిచిందో చూపే ఆ ట్రేసింగంతా ప్రోగ్రామింగ్ లాంగ్వేజీతో వచ్చే లైబ్రరీలోనే ఉండాది. ఈ పాత కాపీ తీసేద్దామా? ఆయన్నొక మాట అడగల్లా?"

"పోయినేడాది నాయుడుపేట దారిలో యాక్సిడెంటయింది. అడిగేదానికి లేడు."

కుర్రవాడు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"రోజూ పొద్దున్నే వచ్చి మీరు ఊరికే దాన్ని నడుపుతా ఉంటారు. అందుకేనా అక్కా?"

"ప్రోగ్రాం స్లో అవతా ఉండాదని కస్టమర్లు అంటా ఉండారు, ఆ మాటలతోనే. తీసెయ్."

అతను తీసేసి నడిపాడు. క్షణంలో ముగిసింది.

"ఒక్క తప్పు కూడా రాలేదక్కా."

ఆమె ఖాళీ తెర వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకొకసారి నడుపబ్బా," అంది.